సున్న మీటర్ల లోతులో నీళ్లు

2008 జనవరిలో నన్ను కడప నుంచి కర్నూలుకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నా హోదా అసిస్టెంట్ హైడ్రాలజిస్టు. నేల లోపల నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కొలిచి రాసుకునే శాఖ మాది. ఆ శాఖ పేరు ఇక్కడ రాయను, పెన్షన్ ఇంకా అక్కడి నుంచే వస్తోంది. డెప్యుటేషన్ అంటే జీతం పాత సీటు మీద, చాకిరీ కొత్త ఊళ్లో. ఉత్తర్వులో పని ఒక్క వాక్యంలో ఉంది: కడప, కర్నూలు జిల్లాల నీటిమట్టాలను వెబ్ పేజీలో గ్రాఫులుగా చూపించాలి. ఎవరు చేయాలో రాశారు గాని ఎలా చేయాలో రాయలేదు.

నన్నే ఎందుకు పంపారో తర్వాత తెలిసింది. కడప ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని తిట్టుకోకుండా పనిచేసేది నేనొక్కదాన్నేనని ఎవరో పైకి చెప్పారట. అది శుద్ధ అబద్ధం. తిట్టుకునేదాన్ని, కాకపోతే పైకి వినిపించేది కాదు.

కల్లూరులో కొత్తగా కట్టిన ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని, షేర్ ఆటోలో ఆఫీసుకు పోయి వచ్చేదాన్ని. అక్కడ నా పై అధికారి డిప్యూటీ డైరెక్టర్ ఓబుల్ రెడ్డి గారు. ఆదోని వైపు సేద్యగాళ్ల కుటుంబం. భూగర్భశాస్త్రం చదివారు, కంప్యూటరంటే మాత్రం పక్కింటి కుక్కను చూసినట్టు చూసేవారు. కరవదని తెలుసు, అయినా చేయి పెట్టరు. ఫీల్డు పని చూసేది ఖాజా. ఊరూరా తిరిగి కొలతలు తెచ్చేవాడు.

మా కొలత తీరు ఇక్కడే చెప్పాలి, లేకపోతే ముందు ముందు చెప్పేది తలకెక్కదు. ఎంపిక చేసిన ఊళ్లలో శాఖ ఒక సన్నని బోరు వేయించి ఉంచుతుంది. దాన్ని పరిశీలక బోరు అంటాం. దానికి మోటారు ఉండదు, అందులోంచి ఎవరూ నీళ్లు తోడరు. నెలకోసారి అందులోకి టేపు వదిలి, నేల నుంచి ఎంత కింద నీళ్లు తగిలాయో మీటర్లలో రాస్తాం. అంటే మా లెక్కలో అంకె పెరిగితే నీళ్లు దిగిపోయినట్టు. ఐదు మీటర్లంటే సంబరం, ఇరవై ఐదంటే దిగులు. సున్న అంటే నీళ్లు నేలకు సమంగా నిలిచినట్టు. మా సీమలో ఆ అంకె నేను సర్వీసు మొత్తం మీద చూసింది చాలా తక్కువ.

ఇక గ్రాఫుల సంగతి. గ్రాఫులు గీసే లైబ్రరీ ఒకటి ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికింది. లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము. దాన్ని మన పేజీలో చేర్చి అంకెలు అందిస్తే గీతలు అదే గీసుకుంటుంది. ఇంత సులువా అని సంబరపడ్డాను. దాని షరతులు తెలిసేసరికి రెండు వారాలు పట్టింది. పెళ్లివారి మర్యాదలకైనా ఎక్కడో ఒక సర్దుబాటు ఉంటుంది గాని, దీనికి లేదు.

ప్రతి కొలతనూ ఒక జతగా ఇవ్వాలి. జతలో మొదటిది తారీఖు, రెండోది మట్టం. ఒక్కో జతకు చదరపు బ్రాకెట్టు, మొత్తం వరసకు మళ్లీ ఇంకో చదరపు బ్రాకెట్టు, నడుమ కామాలు. ఆఖరి జత తర్వాత పొరపాటున కామా పడితే కొన్ని బ్రౌజర్లు పోనీలే అనుకుంటాయి. మా ఆఫీసులో ఉన్న బ్రౌజరు అనుకోదు. తెల్లటి పేజీ చూపించి ఊరుకుంటుంది, తప్పెక్కడో చెప్పదు. అంకెను కొటేషన్లలో పెడితే అది అంకె కాదు, మాట అంటుంది. నాకు కోపం రావాల్సింది, విచిత్రంగా సరదా పుట్టింది. ఇది ఏది ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు అని రోజంతా గిల్లి చూస్తూ కూర్చునేదాన్ని.

తారీఖు దగ్గర దాని పట్టుదల మరీ ఎక్కువ. మనం రాసుకున్నట్టు రోజు, నెల, ఏడు అంటే వినదు. 1970 జనవరి ఒకటో తారీఖు నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో చెప్పమంటుంది. ఓబుల్ రెడ్డి గారికి ఇది విడ్డూరంగా తోచింది. "ఉగాది నుంచి లెక్కపెట్టమన్నా అర్థముండాది. ఈ 1970 యాడిదమ్మా?" అన్నారు. ఆ ఏడాది ఆయన ఎనిమిదో తరగతి తప్పారట, అందుకని ఆ సంవత్సరం మీద ముందే కోపం.

సరే, మిల్లీసెకన్లే ఇచ్చాను. ఒకటో తారీఖు కొలతలన్నీ అంతకుముందు నెల ఆఖరి రోజున కనిపించాయి. ఆ లైబ్రరీ లండన్ గడియారం చూస్తుందని, మన అర్ధరాత్రి దానికి ఇంకా ముందురోజు సాయంకాలమేనని తెలుసుకుని సరిచేశాను. ఆ తర్వాత ఒంటిమిట్ట బోరు గీత ముందుకు పోయి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకొచ్చింది. ఎక్సెల్ షీటులో కొందరు రోజు ముందు రాస్తే కొందరు నెల ముందు రాశారు. కొలతలు తారీఖు వరసలో లేకపోతే లైబ్రరీ సర్దుకోదు, ఇచ్చిన వరసలోనే గీస్తుంది. ఖాజా స్క్రీను చూసి, "ఒంటిమిట్టలో గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తాండాది మేడం, పుణ్యం రానీండి," అని నవ్వాడు.

అన్నీ చక్కబడ్డాయనుకుని ఓబుల్ రెడ్డి గారికి మొదటి గ్రాఫు చూపించాను. పోయిన ఏడాది ఎండాకాలం రాగానే గీత జుయ్యిమని పైకి లేచింది. ఆయన ముఖం విప్పారింది. "శానా బాగుండాది. నీళ్లు పైకొచ్చినాయి!" అన్నారు. మరుక్షణమే నాలుక కరుచుకున్నారు. లోతు పెరిగితే అంకె పెరుగుతుంది, అంకె పెరిగితే గీత పైకి పోతుంది. మాకే ఇలా ఉంటే సమీక్షలో కూర్చునే పెద్దలకు ఎలా ఉంటుంది? నిలువు గీటును తలకిందులు చేశాను. సున్న పైన నేల దగ్గర, పెద్ద అంకెలు అడుగున. అప్పటి నుంచి గీత కిందికి దిగితే నీళ్లు కిందికి దిగినట్టు. చూడగానే తెలిసిపోయేది.

రెండు జిల్లాల షీట్లనూ ఈ జతల్లోకి చేతితో మార్చడం అయ్యే పని కాదు. హైదరాబాదు హెడ్డాఫీసు అన్ని జిల్లాలకూ ఒక మార్పిడి ప్రోగ్రాము పంపింది. ఎక్సెల్ షీటు అందులో వేస్తే లైబ్రరీకి కావాల్సిన రూపంలో బయటికొస్తుంది. ఏప్రిల్ మొదట్లో మా పేజీ నడక మొదలుపెట్టింది. దాంతో పాటు కొత్త ఏర్పాటు ఒకటి వచ్చింది. ఎండాకాలంలో ఏ పల్లెకు ట్యాంకరుతో తాగునీళ్లు పంపాలో అంతకుముందు అర్జీలను బట్టీ, నోరున్నవాళ్ల నోటిని బట్టీ తేల్చేవారు. ఈసారి మా పేజీని బట్టే తేల్చాలని జిల్లా సమీక్షలో నిర్ణయించారు. ప్రతి ఊరికీ చివరి మూడు నెలల కొలతల సగటు తీసి, ఎక్కువ లోతున్న ఊరిని పైన పెట్టి, పేజీయే వరస చెప్పేది. పైనున్న ఊళ్లకు ట్యాంకరు. పక్షపాతం లేని పద్ధతని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను.

ఆ వరసలో అట్టడుగున ఒక ఊరు నా కంట పడింది. ఓర్వకల్లు వైపు గుట్టల మధ్య ఉన్న పల్లె. అసలు పేరు ఎందుకు, రాళ్లపల్లె అనుకుందాం. జనవరిలో ఇరవై నాలుగు మీటర్ల లోతున ఉన్న నీళ్లు ఫిబ్రవరికల్లా నేల దాకా వచ్చేశాయి. మార్చిలోనూ అక్కడే ఉన్నాయి. సున్న, సున్న. బండరాళ్ల నేలలో, చుక్క వాన లేకుండా, ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు పైకి ఉబికిన ఊరు! నాకు ఆపుకోలేని కుతూహలం పుట్టింది. ఎక్కడైనా పైపు పగిలి బోరులోకి పారుతోందా? రాతి చీలికలో ఊట తెగిందా? ఓబుల్ రెడ్డి గారూ శాస్త్రం బయటికి తీశారు. గ్రానైటులో చీలికలు ఎలా కలుస్తాయో కాగితం మీద గీసి చూపించారు. సోమవారం జీపు వేసుకుని పోయి చూద్దామని అనుకున్నాం.

సోమవారం దాకా ఆగాల్సిన పని లేకపోయింది. శుక్రవారం పొద్దున ఆ ఊరి సర్పంచి మద్దమ్మ మా ఆఫీసుకు వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం, చేతిలో ప్లాస్టిక్ సంచి. నా బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది:

"మేడమ్మా, మా ఊర్లో నీళ్లు నేల మీదికొచ్చినాయని మీ కంప్యూటరు చెప్పిందంట గదా. యాడొచ్చినాయో ఒకసారి వచ్చి చూపిద్దురు రాండి. మా కండ్లకు కనపడల్యా."

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆమె నవ్వడం లేదు. ట్యాంకరు వస్తుందని ఊళ్లో అందరికీ తాను మాటిచ్చిందట. పక్క ఊరికి వచ్చింది గాని తమ ఊరికి రాలేదు. నీళ్ల కోసం ఆడవాళ్లు గుట్ట అవతల ఒక రైతు తోటలో బోరు దగ్గరికి పోతున్నారు. కరెంటు ఉన్నప్పుడే ఆయన పట్టుకోనిస్తాడు, అదీ సణుగుతూ. అంతకంటే పెద్ద దెబ్బ, సర్పంచి ట్యాంకరును పక్క ఊరికి అమ్ముకుందని రచ్చబండ మీద చెప్పుకుంటున్నారట. "నా కోడలే అడిగింది మేడమ్మా, ఎంతకు అమ్మినావత్తా అని. ఎగతాళికి అడిగిందో, నిజంగానే అడిగిందో తెలుసుకోల్యాకపోయినా," అంది. మంచినీళ్లు ఇస్తే తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

జీపు అప్పుడే తీయించారు ఓబుల్ రెడ్డి గారు. ఖాజాను, మద్దమ్మను ఎక్కించుకుని పోయాం. రాళ్లపల్లెలో మా పరిశీలక బోరు బడి వెనక ఉంది. చుట్టూ జనం మూగారు. ఖాజా మూత తాళం తీసి టేపు వదిలాడు. టేపు పోతూనే ఉంది. చివరికి కింద తగిలి లూజు వచ్చింది. పైకి లాగితే టేపు కొసన తడి లేదు, ఎర్రటి దుమ్ము ఉంది. మద్దమ్మ ఆ దుమ్మును వేలితో తీసి జనానికి చూపించింది. ఎవరో ముసలాయన "అయ్యో, ఇదా సంగతి" అన్నాడు.

ఖాజాను అడిగాను, ఫిబ్రవరిలో, మార్చిలో ఏం రాశావని. "ఎండింది అని రాసినా మేడం. ఎండిందానికి ఇంకేం రాయాల?" అన్నాడు. అతను రాసింది సరిగ్గానే ఉంది. మా శాఖలో ముప్పై ఏళ్లుగా అందరూ రాసేది అదే. టేపు తడవకపోతే ఎండింది అంటారు, అంతే. కాగితం మీద దాన్ని చదివేది మనిషి కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి మార్పిడి ప్రోగ్రామును విప్పి చూశాను. చదవడం మొదలుపెట్టిన కాసేపటికే తప్పున్న పంక్తి దొరికింది. అంకె కానిది ఏది కనిపించినా దాని బదులు సున్న పెట్టమని ఉంది. ఎందుకు పెట్టారో ఊహించగలను. అంకెల నడుమ మాట ఒక్కటి దూరినా లైబ్రరీ గీయడం మానేసి తెల్లపేజీ చూపిస్తుంది, అన్ని జిల్లాల నుంచి హెడ్డాఫీసుకు ఫోన్లు మోగుతాయి. సున్న పెడితే ఏ గొడవా ఉండదు. చాలా లెక్కల్లో సున్న అంటే ఏమీ లేదని. మా ఒక్క లెక్కలోనే సున్న అంటే నీళ్లు అంచుదాకా ఉన్నాయని. చుక్క లేని బోరు నిండిన బోరైంది. దాన్ని రాసినతను ఏనాడూ ఎండిన బోరులోకి టేపు వదిలి ఉండడు.

నాకు ఒళ్లు మండింది. కానీ మండుతూనే, ఎక్కడ తప్పిందో దొరికిందన్న తృప్తి కూడా కలిగింది, అది దాచుకోను. సున్న తీసేసి ఏం పెట్టాలో చూశాను. లైబ్రరీ వాళ్ల సూచనల్లో దానికి సమాధానం ఉంది. కొలత లేనిచోట "నల్" అనే మాట పెట్టాలి. ఏమీ లేదని దానర్థం. దాన్ని కొటేషన్లు లేకుండా ఇస్తే లైబ్రరీ ఒప్పుకుంటుంది. అక్కడ గీత తెగిపోయి ఖాళీ వస్తుంది. పద్ధతి ప్రకారం అదే సరైన రూపం. ఓబుల్ రెడ్డి గారు కూడా సరేనన్నారు. పెట్టాం. రాళ్లపల్లె గీత జనవరి దాకా వచ్చి ఆగిపోయింది. అబద్ధం పోయింది కదా, ఇక వరస దానంతటదే సర్దుకుంటుందని ధీమాగా ఉన్నాం.

నాలుగు రోజులకు మద్దమ్మ ఫోను చేసింది. కొత్త వరసలో తమ ఊరు ఎక్కడుందో ఎమ్మార్వో ఆఫీసులో చూపించారట.

"ముందర నీళ్లయినా ఉండె కంప్యూటర్లో. ఇప్పుడు నీళ్లూ లేవు, గీతా లేదు. ట్యాంకరు మాత్రం రాల్యా. ఏం జేస్తాండారు మేడమ్మా మీరంతా?"

ఫోను పెట్టేసి వరస చూశాను. నిజమే. అట్టడుగు నుంచి కొంచెం పైకొచ్చింది గాని, ట్యాంకరు అందే చోటికి రాలేదు. ఎందుకో అర్థం కావడానికి కాగితం మీద చేత్తో సగటు కట్టుకోవాల్సి వచ్చింది. సగటు తీసే ప్రోగ్రాము ఖాళీలను వదిలేస్తోంది. రాళ్లపల్లెకు మిగిలింది జనవరి అంకె ఒక్కటే, ఇరవై నాలుగు. పక్క ఊళ్లో నీళ్లు ఇరవై ఆరు, ఇరవై ఏడు మీటర్ల లోతున ఉన్నాయి, కాని ఉన్నాయి. అక్కడి బోరు ఎండలేదు కాబట్టి మార్చి నెల కూడా లెక్కలోకి వచ్చి ఆ ఊరు పైకెక్కింది. రాళ్లపల్లె బోరు పూర్తిగా ఎండింది కాబట్టి దాని గడ్డు నెలలు లెక్కలోంచి జారిపోయి, మంచి నెల మిగిలింది. ఎంత కష్టమొస్తే అంత బాగున్నట్టు కనిపించే లెక్క! పుండు మీద కారం చల్లడమంటే ఇదే అనిపించింది. మద్దమ్మ అడిగింది గుర్తొచ్చి సిగ్గేసింది.

మిగతా ఊళ్ల ఖాళీలు కూడా తీసి చూశాను. అక్కడ ఇంకో చిక్కు బయటపడింది. కొన్నిచోట్ల ఖాళీ అంటే బోరు ఎండిందని. కొన్నిచోట్ల ఖాజాకు జ్వరమొచ్చి పోలేదని. ఒకచోట ఎవరో మూత తాళంలో పుల్ల దూర్చారని. పోయి చూస్తే ఎండి ఉండటం వేరు, అసలు పోకపోవడం వేరు. రెండూ పేజీ మీద ఒకే ఖాళీగా కనిపిస్తున్నాయి. లైబ్రరీని తప్పు పట్టలేం. అంకె అయినా ఇవ్వు, ఏమీ లేదనైనా చెప్పు అని అది అడుగుతుంది. మూడో మాట దానికి తెలియదు. ఆ మూడో మాట ఎలా చెప్పాలన్నది మేమే ఆలోచించుకోవాలి.

ఓబుల్ రెడ్డి గారితో చెప్పాను. ఆయన మొదట తటపటాయించారు. పేజీ మొదలై నెలైనా కాలేదు, ఒకసారి మార్చాం, మళ్లీ మార్పంటే సమీక్షలో నవ్విపోతారని ఆయన బాధ. నేను వాదించలేదు. ఒకటే అడిగాను. సార్, మీ పొలంలో బోరు వేసినప్పుడు నీళ్లు పడకపోతే ఊళ్లో ఏమని చెప్పుకునేవాళ్లు? వాళ్ల నాన్న బోరు మీద బోరు వేసి పొలంలో సగం అమ్ముకున్న సంగతి ఆయన అప్పుడే చెప్పారు. "రెండొందల అడుగులు పోయినాం, పడల్యా అని చెప్పుకుంటాండిరి," అన్నారు. మళ్లీ తనే, "ఎంతదాకా పోయినామో చెప్తాండిరమ్మా. నీళ్లు లేవని ఊరికే చెప్తే ఎవుడూ నమ్మడు," అన్నారు.

ఆ మాటతో పని తేలిపోయింది. మా పరిశీలక బోరు ఎంత లోతు తవ్వినదో శాఖకు తెలుసు. రాళ్లపల్లెది ముప్పై మీటర్లు. బోరు ఎండిందంటే నీళ్లు ముప్పై మీటర్లకన్నా కిందే ఉన్నాయన్నమాట. తక్కువలో తక్కువ ముప్పై. సగటుకు ఆ అంకె వాడాలి. గ్రాఫులో మాత్రం దాన్ని మామూలు కొలతతో కలిపేయకూడదు, కొలిచిన ముప్పై వేరు, అందని ముప్పై వేరు. కాబట్టి అదే లైబ్రరీకి రెండో వరస ఒకటి ఇచ్చాను. మొదటి వరసలో కొలిచిన మట్టాలు, నిండు చుక్కలతో, గీత కలుపుతూ. రెండో వరసలో ఎండిన నెలలు, బోరు అడుగు లోతున, గీత లేకుండా, బోలు సున్నాలుగా. అసలు కొలతకే పోని నెలకు మాత్రం నల్. మార్పిడి ప్రోగ్రాములో సున్న పెట్టే పంక్తిని కొట్టేసి, ఎండింది, పోలేదు అన్న రెండు మాటలను వేరువేరుగా గుర్తుపట్టేలా రాశాను. గుర్తుపట్టలేని మాట ఏదైనా వస్తే గీయడం ఆపి, ఫలానా ఊరు, ఫలానా నెల అని చెప్పమన్నాను. తెల్లపేజీ కంటే అది నయం.

గ్రాఫు తెరిచి చూశాం. రాళ్లపల్లె గీత జనవరి దాకా వచ్చి ఆగి, దాని కింద అడుగున రెండు బోలు సున్నాలు నిలిచాయి. లెక్క ఎట్టకేలకు కుదిరిందని ఆఫీసులో అందరం సంబరపడ్డాం. రాళ్లపల్లె ఒక్కటే కాదు. ఆ వైపు ఇంకొన్ని పల్లెలు అలాగే బయటపడ్డాయి. వాటిలో ఎవరూ ఆఫీసుకు వచ్చి అడగని ఊళ్లున్నాయి. వాటిని చూసినప్పుడు నాకు భయమేసింది. మద్దమ్మ నోరుగల మనిషి కాబట్టి వచ్చింది, లేకపోతే ఇది తెలిసేదెప్పుడు?

తర్వాతి సమీక్షకు ఓబుల్ రెడ్డి గారు నన్నూ తీసుకుపోయారు. మామూలుగా అసిస్టెంటు స్థాయి వాళ్లు లోపలికి పోరు, బయట వరండాలో ఫైళ్లు పట్టుకుని కూర్చుంటారు. గోడ మీద ప్రొజెక్టరుతో పేజీ వేశాం. సమీక్ష నడిపే పెద్దాఫీసరు కొత్తగా వచ్చిన మనిషి, మాటలు తక్కువ. రాళ్లపల్లె గ్రాఫు రాగానే, అడుగున ఆ గుండ్రాలేమిటని అడిగారు. నీళ్లు మా బోరుకన్నా కిందికి పోయాయని చెప్పాను.

ఎంత కిందికి అన్నారు.

తెలియదు సార్, మా బోరు అంతవరకే ఉంది అన్నాను.

గదిలో ఎవరో సన్నగా నవ్వారు. ఓబుల్ రెడ్డి గారి చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాఫీసరు నవ్వలేదు. ఇలా గుండ్రాలున్న ఊళ్లు ఇంకెన్ని ఉన్నాయో అన్నీ వరసగా చూపించమన్నారు. ఒక్కొక్కటీ తెరిచాను. ప్రతి దగ్గరా ఆగి చూశారు. గుండ్రాలున్న ప్రతి ఊరికీ సగటుతో పని లేకుండా ముందు ట్యాంకరు పంపి, ఆ తర్వాతే మిగతా వరస చూడమని అక్కడికక్కడే చెప్పి, సంతకం చేశారు. బయటికొచ్చాక ఓబుల్ రెడ్డి గారు నాకు టీ తాగించారు. బిస్కెట్టు కూడా ఇప్పించారు. ఆయన మెచ్చుకోలు ఆపాటిదే.

ఆ వారంలోనే రాళ్లపల్లెకు ట్యాంకరు పోయింది. మద్దమ్మ ఫోను చేసి ఆ కబురు చెప్పింది. కృతజ్ఞతలు చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. కోడలు మొదటి బిందె తనకే పట్టి తెచ్చిందని మాత్రం చెప్పింది. ఆమెకు కావాల్సింది అదేనని గొంతులో తెలిసింది. పెట్టేసే ముందు ఇంకొకటి అడిగింది:

"అది సరే గాని మేడమ్మా, మా ఊరికి అడుగున గుండ్రాలు పడిన దినం మీ ఆఫీసులో అందరూ సంతోషపడినారంటనే? ఖాజా చెప్పినాడు. మా నీళ్లు పోయినాయని తెలిసి సంబరపడింటిరా?"

ఖాజాను తిట్టుకుంటూ, అవునని ఒప్పుకున్నాను. ఆమె "పడండి పడండి. ఇప్పటికైనా సరింగ కనపడింది గదా," అని ఫోను పెట్టేసింది.

నేను ఆ మార్పును రాసి హెడ్డాఫీసుకు పంపాను. మరుసటి ఏడాది వాళ్లు పంపిన కొత్త ప్రోగ్రాములో అది కలిపారు. ఎవరి పేరూ పెట్టలేదు. శాఖలో అది మామూలే. తర్వాత చాలా గ్రాఫులు చేశాను, లైబ్రరీలు మారాయి, బ్రాకెట్ల తీరు మారింది, తారీఖుల పట్టుదల కొంచెం తగ్గింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను రూపం గురించే అడిగేవారు: కామా ఎక్కడ, కొటేషన్ ఎక్కడ అని. అది సూచనల్లో ఉంటుంది, చదువుకుంటే వస్తుంది. నేను వాళ్లను ఒకటే అడిగేదాన్ని. కొలవడానికి పోయినవాడు కొలవలేకపోతే ఏం రాస్తాడో మీకు తెలుసా? తెలియదంటే, ముందు అతనితో ఒకసారి పోయి చూసి రమ్మని, ఆ తర్వాతే గ్రాఫు గీయనిచ్చేదాన్ని.